కొండల్ని గాజుపలకపై నిలిపిన సెల్లా

ఉన్ని మిల్లు యజమాని ఇంట పుట్టి... హిమాలయాల దాకా కెమెరా మోసిన ఇటలీ సాహసి

ఇప్పుడు కొండెక్కిన ప్రతివాళ్లూ చేసే మొదటి పని జేబులోంచి సెల్‌ఫోన్ తీయడం. నాలుగు ఫొటోలు కొట్టడం, బాగా రాకపోతే చెరిపేసి మళ్లీ కొట్టడం. అంతా నిమిషంలో అయిపోతుంది. 140 ఏళ్ల కిందట ఇదే పనికి ఒక మనిషి 18 కిలోల కెమెరా మోయించుకుని, ఒక్కొక్కటి కిలోకు కాస్త తక్కువ తూగే గాజుపలకలు వెంట పెట్టుకుని, మంచుకొండల మీద రాత్రులు గడిపారు. ఒక ఫొటో చెడిపోతే మళ్లీ తీయడానికి వీలుండేది కాదు. మబ్బు కమ్మితే రోజుల తరబడి కాపు కాయాల్సిందే. ఆ మనిషి పేరు విట్టోరియో సెల్లా. మన దేశపు కాంచనగంగను చుట్టూ తిరిగి, కారకోరంలోని కె-2ను ఎదురుగా నిలబడి గాజుపై దించిన ఇటలీ ఫొటోగ్రాఫర్. కొండల ఫొటో అంటే ఎలా ఉండాలో లోకానికి చూపించిన తొలితరం వాళ్లలో ఆయనది ముందు వరస.

మగ్గాల ఊరు... కెమెరా ఇల్లు

సెల్లా 1859 ఆగస్టు 28న ఇటలీ ఉత్తర భాగంలోని బియెల్లా పట్టణంలో జన్మించారు. ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర ఉంటుందా ఊరు. ఊరికి పేరు తెచ్చింది ఉన్ని బట్టలు. సోలాపూర్ పేరు చెప్పగానే దుప్పట్లు ఎలా గుర్తొస్తాయో, ఇటలీలో బియెల్లా అంటే ఉన్ని అలా గుర్తొస్తుంది. సెల్లాల కుటుంబానిది కూడా తరాలుగా ఉన్ని వ్యాపారమే.

తండ్రి గిసెప్పె వెనాన్జియో సెల్లా మిల్లు చూసుకుంటూనే రసాయనశాస్త్రం మీద మనసు పెట్టారు. బట్టలకు అద్దే రంగుల నుంచి ఫొటోల మందుల దాకా ఆయనకు అన్నీ ఆసక్తే. ఫొటోగ్రఫీ పుట్టి ఇంకా ఇరవై ఏళ్లు నిండని రోజుల్లో, 1856లోనే, ఇటాలియన్ భాషలో ఆ కళ మీద పెద్ద పుస్తకం వెలువరించారు. పిన్నవయసులోనే విట్టోరియోకు మందుల వాసన, చీకటి గది అలవాటయ్యాయి.

బాబాయి క్వింటినో సెల్లాది మరో దారి. ఇటలీ ఆర్థిక మంత్రిగా పనిచేసిన నాయకుడాయన. కొండలంటే పిచ్చి. 1863లో మోన్విసో శిఖరం ఎక్కి దిగాక ఇటలీ ఆల్పైన్ క్లబ్‌ను స్థాపించారు. ఇలా ఒకవైపు తండ్రి చేతి కెమెరా, మరోవైపు బాబాయి చేతి మంచుగొడ్డలి. రెండూ కలిసి విట్టోరియో చేతికొచ్చాయి. 1876లో తండ్రి చనిపోయేనాటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు కూడా లేవు. తండ్రి నేర్పిన విద్య మాత్రం వెంటే ఉండిపోయింది.

తడి పలకతో తంటాలు

సెల్లా కొండల మీద ఫొటోలు తీయడం మొదలుపెట్టిన రోజుల్లో ఎక్కువమంది వాడేది తడి పలక పద్ధతి. గాజుపలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణాల్లో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. తీసిన వెంటనే అక్కడికక్కడే కడగాలి. అంతా కలిపి పావుగంటలోపు ముగించాలి. ఊళ్లో స్టూడియోలో అయితే సరే. కొండ కొనమీద? గుడారమే చీకటి గది, గాలికి అది నిలవదు. మంచుకు వేళ్లు కొంకర్లు పోతాయి. మందులు గడ్డకడతాయి.

సెల్లా వెనక్కి తగ్గలేదు. ఇరవై ఏళ్ల వయసులో బియెల్లా దగ్గరి మోంటె మార్స్ కొండ మీదికి ఆ సరంజామా అంతా చేర్చి, చుట్టూ కనిపించే దృశ్యాన్ని వరసగా పలకల మీద తీశారు. ఆ పలకల నుంచి తీసిన బొమ్మలను పక్కపక్కన చేరిస్తే కొండల వరస మొత్తం ఒకే పొడవాటి చిత్రంగా కనిపిస్తుంది. దాన్నే పనోరమా అంటారు. చెప్పినంత తేలిక కాదిది. ముక్కాలి స్టాండు అంగుళం కదలకూడదు. మొదటి పలక నుంచి చివరి పలక దాకా వెలుతురు మారకూడదు. మధ్యలో ఒక్క మబ్బుతునక అడ్డొచ్చినా శ్రమంతా మంచు పాలు.

అదృష్టవశాత్తూ అదే సమయంలో పొడి పలకలు బజారులోకి వచ్చాయి. జెలటిన్ పూత పూసిన ఈ పలకలను ముందే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. ఫొటో తీసి, ఇంటికొచ్చాక తీరిగ్గా కడుక్కోవచ్చు. సెల్లా వెంటనే వాటికి మారారు. 1882లో లండన్ కంపెనీ డాల్‌మెయర్ తయారుచేసిన పెద్ద కెమెరా కొన్నారు. దాంట్లో పట్టే పలక కొలత 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. అంటే దాదాపు ఓ వార్తాపత్రిక మడతంత.

అంత పెద్ద పలక ఎందుకు? ఆ రోజుల్లో చిన్న నెగెటివ్‌ను పెద్దది చేసి అచ్చు తీస్తే వివరాలు మసకబారేవి. నెగెటివ్‌ను కాగితానికి ఆనించి, అదే సైజులో అచ్చు తీస్తేనే ప్రతి రాయీ, ప్రతి మంచుపగులూ కనిపించేవి. సెల్లాకు కావాల్సింది సరిగ్గా అదే. కొండ అందం ఒక్కటే కాదు, దాని ఎముకలు కూడా కనిపించాలి. ఏ అంచు ఎక్కడ మొదలవుతుంది, మంచు ఎక్కడ వేలాడుతోంది, మనిషి ఎక్కడ అడుగు వేయగలడు? ఇవన్నీ ఫొటోలో చదువుకోగలగాలి. అందుకే బరువుకు ఒప్పుకున్నారు. గాజు పగలకుండా గుర్రాల మీద వేసే జీనుసంచుల్ని, వీపున తగిలించుకునే సంచుల్ని తానే మార్పులు చేసి కుట్టించుకున్నారు.

చలికాలంలో మాటర్‌హార్న్

సెల్లాను ఉత్త ఫొటోగ్రాఫర్ అనుకుంటే పొరపాటే. ఆయన అప్పటి గట్టి ఆరోహకుల్లో ఒకరు. ఆల్ప్స్‌లో మాటర్‌హార్న్ అనే శిఖరం ఉంది. ఎత్తు 4,478 మీటర్లు. నిట్టనిలువు రాతి గోపురం. 1865లో తొలిసారి ఎక్కిన ఇంగ్లిషు బృందంలో దిగేటప్పుడు నలుగురు జారిపడి చనిపోయారు. ఆ పోటీలో మూడు రోజుల తేడాతో వెనకబడిన ఇటలీ గైడు జాన్ ఆంటోయిన్ కారెల్.

అదే కారెల్‌తో, మరో ఇద్దరు గైడ్లతో కలిసి సెల్లా 1882 మార్చి 17న చలికాలంలో మాటర్‌హార్న్ ఎక్కారు. చలికాలంలో ఆ శిఖరాన్ని ఎవరైనా ఎక్కడం అదే మొదలు. ఇటలీ వైపు నుంచి ఎక్కి స్విట్జర్లాండ్ వైపు దిగారు. అప్పటికి ఆయన వయసు 22. తర్వాత వరసగా మోంటె రోసా, లిస్కమ్, గ్రాన్ పారడైజో శిఖరాలను చలికాలంలో తొలిసారి ఎక్కారు. 1888 చలికాలంలో ఇటలీ వైపు నుంచి ఫ్రాన్సు వైపుకు మోంట్ బ్లాంక్‌ను దాటారు.

ఈ అనుభవమే ఫొటోలకు ప్రాణం పోసింది. కింద నిలబడి కొండను చూసేవాడు తీసే ఫొటో వేరు, ఆ కొండ ఎక్కినవాడు తీసే ఫొటో వేరు. సెల్లా ఫొటోల్లో మంచు మైదానం మధ్య తాడు కట్టుకుని నడుస్తున్న మనుషులు చీమల వరసలా కనిపిస్తారు. వాళ్లే అక్కడ కొలబద్ద. ఆ చీమలను చూశాకే వెనకున్న మంచుగోడ ఎంత ఎత్తో చూసేవాళ్ల గుండెకు తెలుస్తుంది.

తోటివాడు మాయమైన చోటికి

1888లో ఒక విషాదం జరిగింది. విలియం డాంకిన్ అనే ఇంగ్లిషు పర్వత ఫొటోగ్రాఫర్ మిత్రుడితో, ఇద్దరు స్విస్ గైడ్లతో కాకసస్ పర్వతాలకు వెళ్లి తిరిగి రాలేదు. మర్నాటి ఏడాది వెతకడానికి వెళ్లిన బృందానికి వాళ్ల చివరి విడిది మాత్రం దొరికింది.

సరిగ్గా ఆ 1889లోనే సెల్లా తొలిసారి కాకసస్ వెళ్లారు. రష్యా దక్షిణాన, నల్ల సముద్రానికీ కాస్పియన్‌కూ మధ్య ఉన్న ఆ కొండల గురించి పశ్చిమ యూరప్‌కు అప్పటికి తెలిసింది తక్కువ. ఆయన ఎల్‌బ్రుస్ శిఖరం ఎక్కారు. లోయల్లో బతికే మనుషుల్ని, వాళ్ల రాతి బురుజుల ఊళ్లనూ ఫొటోలు తీశారు. 1890లో మళ్లీ వెళ్లారు, 1896లో మూడోసారి. ఆ ఫొటోలు చూసి లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1890లో మర్చిసన్ అవార్డు ఇచ్చింది. కొండల ఫొటోలు చూడముచ్చటకే కాదు, భూగోళ శాస్త్రానికీ పనికొస్తాయని పెద్దలు ఒప్పుకున్నట్లయింది.

1897లో ఇటలీ రాకుమారుడు, అబ్రుజ్జి డ్యూకు లుయిజి అమెడియో అలాస్కాలోని సెయింట్ ఎలియాస్ శిఖరానికి యాత్ర కట్టారు. 5,489 మీటర్ల ఆ శిఖరాన్ని జులై 31న తొలిసారి ఎక్కిన పదిమందిలో సెల్లా ఒకరు. సముద్రపు ఒడ్డు నుంచి హిమనదాల మీదుగా సామాన్లు లాక్కుంటూ సాగిన ఆ యాత్రలోనూ గాజుపలకలు పగలకుండా ఇల్లు చేరాయి.

కాంచనగంగ చుట్టూ...

ఇక మన హిమాలయాల వంతు. 1899 సెప్టెంబరు మొదట్లో ఇంగ్లిషు యాత్రికుడు డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ బృందం డార్జిలింగ్ నుంచి బయల్దేరింది. లక్ష్యం కాంచనగంగ శిఖరం ఎక్కడం కాదు, దాని చుట్టూ ప్రదక్షిణ. ఎత్తులో ప్రపంచంలో మూడోదైన ఆ 8,586 మీటర్ల పర్వతాన్ని అన్ని వైపుల నుంచీ చూసి, మ్యాపు గీసి, ఫొటోలు తీయాలి. భూగర్భ శాస్త్రవేత్త గార్‌వుడ్ మ్యాపు పని చూశారు. ఫొటోలు విట్టోరియో సెల్లావి. తమ్ముడు ఎర్మీనియో కూడా వెంట ఉన్నారు. ఇంతకుముందు సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఆ ప్రాంతాలు తిరిగిన రింజిన్ నామ్‌గ్యాల్ దారి తెలిసినవాడిగా తోడయ్యారు.

సిక్కింలోని జేము హిమనదం మీద ఉండగా సెప్టెంబరు చివర్లో పెనుతుపాను విరుచుకుపడింది. ఆ వానకే డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి ఎందరో చనిపోయారు. పైన ఈ బృందం మీద అదే వాన మంచై కురిసింది. నడుముల్లోతు మంచులో దారి మూసుకుపోయింది. వేరేవాళ్లయితే వెనుదిరిగేవాళ్లే. కానీ తుపాను వెలిశాక ఆకాశం అద్దంలా తేరుకుంది. కొత్త మంచు కప్పుకున్న శిఖరాలు కడిగిన ముత్యాల్లా బయటపడ్డాయి. సెల్లా సిక్కింలోని సినియోల్చు శిఖరాన్ని తీసిన ఫొటో అప్పటిదే. పలచటి కత్తి అంచులా, ముడుతలు పెట్టిన తెల్లచీరలా మెరిసే ఆ శిఖరాన్ని లోకంలోకెల్లా అందమైన పర్వతమని ఎందరో మెచ్చుకున్నారు. ఆ పేరు రావడంలో సెల్లా ఫొటో పాత్ర చిన్నది కాదు.

తర్వాత బృందం 6,000 మీటర్లు దాటిన జోన్‌సాంగ్ కనుమ మీదుగా నేపాల్‌లోకి దిగింది. విదేశీయులకు తలుపులు మూసి ఉన్న రోజులవి. అక్కడ జాను శిఖరాన్ని కూడా కెమెరాలో బంధించి, ప్రదక్షిణ పూర్తిచేసి డార్జిలింగ్ చేరారు.

కె-2 ముంగిట

1906లో డ్యూకు వెంటే ఆఫ్రికాలోని రువెంజోరి పర్వతాలకు వెళ్లారు సెల్లా. భూమధ్యరేఖ పక్కనే ఉన్న మంచుకొండలవి. వానా, పొగమంచూ వదలని చోటు. అక్కడా ఓపికే పెట్టుబడి.

1909లో అన్నింటికంటే పెద్ద యాత్ర. కారకోరంలోని కె-2. ఎత్తు 8,611 మీటర్లు, ఎవరెస్టు తర్వాత ప్రపంచంలో అదే. కోరాపుట్ జిల్లాలో ఒడిశాకే ఎత్తయిన దేవమాలి కొండ 1,672 మీటర్లు. అలాంటివి ఐదు ఒకదానిపై ఒకటి పేర్చినా కె-2 అంత కాదు. శ్రీనగర్ నుంచి జోజిలా కనుమ దాటి, స్కర్దూ మీదుగా చివరి ఊరు అస్కోలె చేరారు. అక్కడి నుంచి 60 కిలోమీటర్లకు పైగా పొడవున్న బాల్టొరో హిమనదం మీద నడక. బల్టీ కూలీలు వందల మంది సామాన్లు మోశారు. సెల్లా ఫొటోలు అద్భుతం అని చెప్పుకునేటప్పుడు పేర్లు తెలియని ఆ వీపుల్ని కూడా తలచుకోవాలి. వాళ్లు మోయకపోతే ఒక్క పలక కూడా అంత దూరం వెళ్లేది కాదు.

డ్యూకు ఆగ్నేయపు అంచు మీదుగా కె-2 ఎక్కే ప్రయత్నం చేసి 6,000 మీటర్లు దాటాక ఆగిపోయారు. ఆ అంచుకు తర్వాత అబ్రుజ్జి పేరే స్థిరపడింది. అక్కడి నుంచి చొగొలిసా శిఖరం వైపు మళ్లి సుమారు 7,500 మీటర్ల దాకా వెళ్లారు. 1922లో ఎవరెస్టు యాత్ర వరకు అంత ఎత్తుకు ఎవరూ ఎక్కినట్లు నమోదు కాలేదు. ఈలోగా యాభైకి చేరువైన సెల్లా హిమనదం పొడవునా తిరిగి కె-2ను వేర్వేరు వైపుల నుంచి తీశారు. భారీ పనోరమాలు తీశారు. యాత్ర వైద్యుడు ఫిలిప్పో డి ఫిలిప్పి రాసిన గ్రంథంతో పాటు ఆ పనోరమాలూ వెలువడ్డాయి. తర్వాత కె-2కు వెళ్లాలనుకున్న ఎవరికైనా ముందు చూడాల్సినవి సెల్లా ఫొటోలే అయ్యాయి. చివరికి 1954 జులై 31న ఇటలీ బృందమే అబ్రుజ్జి అంచు మీదుగా ఆ శిఖరాన్ని చేరింది.

ఒక ఫొటో... 47 ఏళ్ల సవాలు

అదే యాత్రలో సెల్లా దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్సుతో ముస్తాగ్ టవర్ అనే శిఖరాన్ని తీశారు. 7,270 మీటర్లకు పైగా ఎత్తు. ఫొటోలో అది నేలలోంచి పొడుచుకొచ్చిన కోరపన్నులా, ఏ వైపునా పట్టు దొరకని రాతి స్తంభంలా ఉంటుంది. చూసినవాళ్లు దీన్ని ఎక్కడం మనిషి వల్ల కాదని తేల్చేశారు. దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఆ ఫొటో కనిపిస్తూనే ఉంది, శిఖరం అందకుండానే ఉంది.

1956లో బ్రిటిష్, ఫ్రెంచి బృందాలు రెండూ ఒకే వేసవిలో దాని మీదికి వెళ్లాయి. దగ్గరికెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ కొండకు రెండు కొనలున్నాయి. సెల్లా నిలబడిన చోటు నుంచి రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే స్తంభంలా కనిపిస్తాయి. మరో వైపు నుంచి వాలు అంత నిలువు కాదు. జులైలో ముందు బ్రిటిష్ వాళ్లు, కొద్దిరోజులకే ఫ్రెంచివాళ్లు వేర్వేరు దారుల్లో శిఖరం చేరారు. బ్రిటిష్ బృందంలోని జో బ్రౌన్ అంతకు ముందు ఏడాది కాంచనగంగను తొలిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరు కావడం విశేషం.

ఫొటో అబద్ధం చెప్పలేదు. సెల్లా ఏమీ దిద్దలేదు, చేర్చలేదు. నిలబడిన చోటు నుంచి కనిపించిందే చూపించారు. కానీ ఒక్క వైపు నుంచి చూసి కొండను అంచనా కట్టకూడదన్న పాఠం మాత్రం మిగిలింది. సెల్లాకు ఆ సంగతి ముందే తెలుసు. కాంచనగంగ చుట్టూ తిరిగింది అందుకే. కె-2ను అన్ని దిక్కుల నుంచి తీయాలని తపించింది అందుకే.

76వ ఏట మళ్లీ కొండకు

వయసు మీద పడ్డా సెల్లాకు కొండ మీద మమకారం చావలేదు. 1935లో, 76వ ఏట, కుర్రతనంలో చలికాలపు మంచులో ఎక్కిన మాటర్‌హార్న్‌నే మళ్లీ ఎక్కబోయారు. గైడుల్లో ఒకరికి గాయం కావడంతో ఆ ప్రయత్నం మానుకోవాల్సి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, ముస్సోలినీ పదవి పోయిన మూడు వారాలకే, 1943 ఆగస్టు 12న పుట్టిన ఊరు బియెల్లాలోనే కన్నుమూశారు. మరో పదహారు రోజులైతే 84 ఏళ్లు నిండేవి. అమెరికాలో పర్వతాల ఫొటోలకు పెట్టింది పేరైన ఆన్సెల్ ఆడమ్స్ 1946లో సెల్లాను కొనియాడుతూ వ్యాసం రాశారు. ఆడమ్స్ తరం వాళ్లకు సెల్లా గురువులాంటి వారు.

గాజుపలకల కొత్త పని

సెల్లా తీసిన నెగెటివ్‌లు, ఆయన సామగ్రి బియెల్లాలోని సెల్లా ఫౌండేషన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటికిప్పుడు ఆయన ఊహించని పని పడింది. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో హిమనదాలు ఎంత తగ్గాయో తేల్చాలంటే ఒకప్పుడు ఎంత ఉండేవో తెలియాలి. అందుకు ఆధారం సెల్లా పలకలే. ఇటలీ ఫొటోగ్రాఫర్ ఫాబియానో వెంతురా 2009లో కారకోరం, 2011లో కాకసస్ వెళ్లి, సెల్లా తదితర పాతతరం ఫొటోగ్రాఫర్లు ముక్కాలి స్టాండు పెట్టిన చోట్లను వెతికి పట్టుకుని, అక్కడి నుంచే మళ్లీ ఫొటోలు తీశారు.

కాకసస్‌లో పాత ఫొటోలో మంచున్న చోట చాలావరకు ఇప్పుడు రాళ్లు తేలాయి. కారకోరంలో మాత్రం పెద్ద హిమనదాల్లో చాలావాటికి అంత తరుగుదల లేదు. ఒక్కో పర్వతానిది ఒక్కో లెక్క. ఆ లెక్క తేల్చడానికి పాత ఫొటోలో ప్రతి రాయీ స్పష్టంగా కనిపించాలి. కొత్త ఫొటోను దానితో రాయికి రాయి పోల్చుకోవాలి. చిన్న పలకతో, తేలికైన కెమెరాతో సరిపెట్టుకుని ఉంటే సెల్లాకు వీపు నొప్పి తప్పేది. ఈ పోలిక మాత్రం కుదిరేది కాదు.